హెచ్చరిక: క్రౌన్ ఆయిల్ చూడకుండా ఘాట్ దిగొద్దు

పికప్ యజమానులారా, డ్రైవర్ సోదరులారా, లోడు ఎత్తే ముందు ఒక్కసారి వంగి బండి కిందికి చూడండి. వెనక చక్రాల నడుమ ఉన్న డిఫరెన్షియల్ హౌసింగ్ మీద నూనె ఊరి మట్టి పట్టిందా? వెనక చక్రం లోపలివైపు నూనె చారలున్నాయా? ఉంటే ఆ బండికి ఆ రోజు బాడుగ వద్దు. ముందు మెకానిక్ దగ్గరికి తోలండి.

చిత్తూరు జిల్లా గంగవరం చుట్టుపక్కల రైతు పండించిన కాయ పికప్ మీదే కదులుతుంది. మదనపల్లె, పుంగనూరు మండీలకు పోవాలన్నా, 42వ జాతీయ రహదారిలో కుప్పం దాటి కృష్ణగిరికి పోవాలన్నా, మొగిలి ఘాట్ దిగి చిత్తూరు, చెన్నై చేరాలన్నా అదే దిక్కు. 15 కిలోల క్రేట్లు 100 ఎక్కిస్తే కాయ బరువే టన్నున్నర. అంత బరువును లాగే బలమంతా డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్ పళ్ల మీదుగానే వెనక చక్రాలకు అందుతుంది. ఇంజన్ ఆయిల్ మార్చిన తేదీ నోటికి చెప్పే డ్రైవర్లు కూడా ఆ పళ్లను తడిపే క్రౌన్ ఆయిల్ ఎప్పుడు మార్చారంటే చెప్పలేకపోతున్నారు.

ఆ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా ఒత్తుకుంటూ జారుతాయి. మధ్యన నూనె పొర పలచబడితే ఇనుము ఇనుమును కొరుకుతుంది. మొదట ఊళలాంటి కూత వినిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక తీరుగా, వదిలినప్పుడు మరో తీరుగా ఉంటుంది. దాన్ని పట్టించుకోకపోతే బేరింగ్ కాలి, పళ్లు విరిగి, నడిచే బండికి వెనక చక్రాలు ఉన్నట్టుండి బిగుసుకుపోవచ్చు.

ఇంతకన్నా దగ్గరి ప్రమాదం మరొకటుంది. యాక్సిల్ ఆయిల్ సీలు పోతే నూనె బ్రేక్ డ్రమ్ములోకి దిగి లైనర్లను తడుపుతుంది. ఆ చక్రానికి బ్రేకు పట్టదు, బండి ఓ పక్కకు లాగుతుంది. 2024 సెప్టెంబరులో బస్సు, లారీలు ఢీకొని పలువురు బలైన మొగిలి ఘాట్‌లో, నిండు లోడుతో దిగే బండికి ఇలా జరిగితే ఎదురొచ్చేవాళ్ల గతేంటి?

వానకాలంలో మరీ జాగ్రత్త. వేడెక్కిన హౌసింగ్ వంక నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. హౌసింగ్‌కు గాలాడనిచ్చే బ్రీదర్ పాడైనా, సీలు అరిగినా నీళ్లను లోనికి లాగుతుంది. నూనె పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టే. దాన్ని వెంటనే మార్చాలి. బ్రీదర్ మట్టితో మూసుకుపోయినా ప్రమాదమే. లోపలి ఒత్తిడి సీళ్లను తోసి నూనెను బయటికి కక్కిస్తుంది.

చేయవలసింది కష్టమేమీ కాదు. బండిని సమతలంలో నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టి, హౌసింగ్‌కున్న పై ప్లగ్గు విప్పండి. సాధారణంగా నూనె ఆ రంధ్రం అంచు దాకా ఉండాలి. తగ్గితే పోసి ఊరుకోవద్దు, ఎక్కడ కారుతోందో వెతకండి. మార్చేటప్పుడు పై ప్లగ్గు ఊడివస్తుందని తేల్చుకున్నాకే కింది ప్లగ్గు విప్పండి. నూనెలో సన్నటి ఇనుప పొడి కొద్దిగా ఉండొచ్చు, ముక్కలొస్తే మాత్రం బండి విప్పాల్సిందే. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి. మిగిలిన ఇంజన్ ఆయిల్‌తో సరిపెట్టొద్దు. పుస్తకంలో చెప్పిన గడువు మామూలు వాడకానికి. ఘాట్లు, బరువులు, నీళ్లు తప్పని బండికి అంతకన్నా ముందే మార్చాలి. పాత నూనెను కాలువలో పారబోయవద్దు.

ఈ ఖర్చు యజమానిదే, డ్రైవరుది కాదు. కూత వస్తోందని డ్రైవర్ చెబితే "ఈ ట్రిప్పు కానీ" అనవద్దు. క్రౌన్, పినియన్ మార్చాలంటే వేలు పోతాయి, పోనీ. క్రేట్ల మీద కూర్చోబెట్టి తీసుకుపోతున్న కూలీల ప్రాణం పోతే ఎవరు తెచ్చిస్తారు? అసలు లోడు మీద మనుషుల్ని ఎక్కించవద్దు, ఆర్సీలో ఉన్న బరువు దాటవద్దు. మెకానిక్ సోదరులు కూడా సర్వీసుకు వచ్చిన ప్రతి పికప్‌కూ అడగకపోయినా ఆ ప్లగ్గు విప్పి చూడాలి. రేపటి లోడుకు ముందే ఈ పని ముగించండి.