బోర్డు కొనే ముందు గోడ కొలవండి

ఈ సెమిస్టర్‌లో నన్ను ఏడెనిమిది మంది ఒకటే ప్రశ్న అడిగారు: “రూములో పెట్టుకోడానికి ఏ డార్ట్ బోర్డు కొనాలి?” మా హాస్టల్ కామన్ రూములో ఒకటి ఉంది కాబట్టి నాకేదో బాగా తెలుసని అనుకుంటున్నారు. అడిగిన ప్రతి ఒక్కరూ వెంటనే ఫోన్ తీసి నాలుగు ఫొటోలు చూపిస్తారు, రేటు చెప్తారు, స్టార్లు చెప్తారు. నేను మూడు తిరుగు ప్రశ్నలు వేస్తాను. గోడకీ ఎదురు గోడకీ మధ్య దూరమెంత? ఆ గోడ ఎవరిది? ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారు? ఇంతవరకు మూడింటికీ టకటకా జవాబు చెప్పినవాళ్ళు లేరు.

నా అభిప్రాయం ఇదే: మంచి బోర్డు ఏదో ఫొటో చెప్పదు, మీ గోడ చెప్తుంది. ఇటు కండ్లకోయ, గుండ్లపోచంపల్లి, మైసమ్మగూడ హాస్టళ్ళలో, అటు శామీర్‌పేటలో సీనియర్లు కలిసి తీసుకున్న ఇళ్ళలో నేను చూసిన బోర్డుల్లో సగం ఇప్పుడు మంచాల కిందే ఉన్నాయి. వాటి మీద దుమ్ము, దుమ్ము మీద అసైన్‌మెంట్ కాగితాలు.

ముందు బజార్లో దొరికే రకాలు చూద్దాం. ఉన్నవి నాలుగే.

మొదటిది పేపర్ బోర్డు. కాగితపు పట్టీని చుట్ట చుట్టి అతికిస్తారు. కొన్ని వందల్లో వస్తుంది, రెండు వైపులా ఆడొచ్చు. డార్ట్ గుచ్చిన చోటల్లా పడ్డ చిల్లు అలాగే ఉండిపోతుంది. నెల తిరిగేసరికి 20 దగ్గర ఊడిపోయి, డార్ట్ గుచ్చుకోకుండా వెనక్కి తుళ్ళి కాళ్ళ మీద పడుతుంది. నా లెక్కలో అన్నిటికన్నా ఖరీదైన బోర్డు ఇదే, ఎందుకంటే దీన్ని రెండుసార్లు కొంటారు.

రెండోది మాగ్నెటిక్ బోర్డు. సూది ఉండదు కాబట్టి పిల్లలకి మంచిదని అమ్ముతారు. 2025 జనవరిలో 17 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయిన ల్యూక్ లిట్లర్ కూడా ఏడాదిన్నర వయసులో మాగ్నెటిక్ బోర్డుతోనే మొదలుపెట్టాడట. కానీ డార్ట్ కొసన ఉన్న చిన్న అయస్కాంతం ఊడిపోతే, మరీ చిన్న పిల్లలు దాన్ని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. రెండు మింగితే అవి కడుపులో పేగుల గోడల మధ్య ఒకదాన్నొకటి లాక్కుని పేగుకే చిల్లు పెట్టగలవు. కాబట్టి “సూది లేదు” అంటే “భయం లేదు” అని అర్థం చేసుకోవద్దు.

మూడోది ఎలక్ట్రానిక్ బోర్డు. ప్లాస్టిక్ మొన డార్ట్స్, చిల్లుల బోర్డు, స్కోరు అదే లెక్కపెడుతుంది. ప్లాస్టిక్ మొనలు తరచూ విరుగుతాయి, కొత్తవి దగ్గర పెట్టుకోవాలి. చప్పుడు కూడా ఎక్కువే.

నాలుగోది బ్రిసిల్ బోర్డు. పొలం గట్ల మీదా రైలు పట్టాల పక్కనా బారు బారు ఆకులతో, కొసన ముల్లుతో పెరిగే కిత్తనార చూసే ఉంటారు. ఆ జాతి మొక్క ఆకు నుంచి తీసిన సిసల్ నారతో దీన్ని చేస్తారు. చీపురుకట్టని నిలబెట్టి పైనుంచి చూసినట్టు నార కొసలన్నీ మనవైపే ఉండేలా గట్టిగా నొక్కి బిగిస్తారు. సూది గుచ్చుకుంటే నార పక్కకి జరుగుతుంది, తీసేస్తే మళ్ళీ దగ్గరికి వస్తుంది. అందుకే ఏళ్ళ తరబడి ఆడొచ్చు. ఇది 1930లలో ఇంగ్లండ్‌లో వచ్చింది. అంతకు ముందు వాడిన ఎల్మ్ చెక్క బోర్డుల్ని ఎండి పగలకుండా నీళ్ళలో నానబెట్టేవాళ్ళు. బోర్డుకి నీళ్ళు చల్లాలన్న మాట ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది, దయచేసి నమ్మకండి. నీళ్ళు తగిలితే నార ఉబ్బి బ్రిసిల్ బోర్డు పాడవుతుంది. వానాకాలంలో చెమ్మ పట్టే గోడ ఉన్నవాళ్ళు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు టేపు తీయండి. నేల నుంచి బుల్ మధ్యకి ఎత్తు 1.73 మీటర్లు. బోర్డు ముఖం నుంచి నిలబడే గీతకి దూరం, స్టీల్ మొన డార్ట్స్‌కి 2.37 మీటర్లు, ప్లాస్టిక్ మొనకి 2.44. బోర్డు వెడల్పు సుమారు 45 సెంటీమీటర్లు. చెయ్యి వెనక్కి లాగడానికి, ఒళ్ళు ఊగడానికి గీత వెనక ఇంకో ముప్పావు మీటరైనా కావాలి. అంటే గోడ నుంచి గోడకి 3.2 మీటర్ల దాకా ఖాళీ ఉండాలి. మన పక్క హాస్టల్ రూము పదడుగులుంటే గొప్ప. పదడుగులంటే 3.05 మీటర్లు, అందులో రెండు మంచాలు, ఒక బీరువా. లెక్క మీకే అర్థమై ఉంటుంది. చాలా రూముల్లో బోర్డు మంచాల కిందికి పోవడానికి కారణం బద్ధకం అనుకుంటాం గానీ, అసలు కారణం ఈ పదిహేను సెంటీమీటర్లు.

కొలతకి ఒక సులువు చెప్తాను. కొత్త బిల్డింగుల్లో నేలకి ఎక్కువగా రెండడుగుల టైల్స్ వేస్తారు, ఒక్కోటి 60 సెంటీమీటర్లు. గోడకి ఆనుకుని మొదలయ్యే నాలుగు టైల్స్ అంటే 2.40 మీటర్లు. బోర్డు మందం దాదాపు నాలుగు సెంటీమీటర్లు తీసేస్తే మీ గీత ఇంచుమించు నాలుగో టైల్ అంచునే పడుతుంది. నమ్మకం లేకపోతే పైథాగరస్ ఉన్నాడు: బుల్ మధ్య నుంచి గీత దాకా ఏటవాలుగా దారం పట్టుకుంటే 2.93 మీటర్లు రావాలి. ఇంటర్‌లో నేర్చుకున్నది ఒక్కటైనా రూములో పనికొచ్చింది.

రెండో ప్రశ్న, గోడ ఎవరిది? ద్రోణుడు పిట్టని చూపించినప్పుడు అర్జునుడికి కన్ను ఒక్కటే కనబడిందంటారు. ఆయనకేం, అది అద్దె చెట్టు కాదు. మనకి కన్నుతో పాటు అడ్వాన్సు కూడా కనబడాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు విసిరిన వాటిలో చాలా డార్ట్స్ బోర్డు దాటిపోతాయి. ఒక్కోటీ ప్లాస్టరింగులో ఒక చిల్లు. ఖాళీ చేసే రోజు ఓనర్ ఆంటీ గోడ మీద చెయ్యి పెట్టి “ఇదేంది బిడ్డా, గోడంతా ఖరాబ్ చేసిన్రు?” అంటే చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకే బోర్డు బడ్జెట్‌లో ముందే బోర్డు చుట్టూ వేసే ఫోమ్ రింగు డబ్బులు పక్కన పెట్టండి. అది లేకపోతే పాత యోగా మ్యాట్ కోసి చుట్టూ అతికించినా గోడ బతుకుతుంది.

బ్రిసిల్ బోర్డు సుమారు ఐదు కిలోల బరువు. క్యాలెండర్ మేకుకి ఆగదు. డ్రిల్ చేసి ప్లగ్గు, స్క్రూ పెట్టాలి, అంటే ఓనర్‌ని అడగాలి. మా హాస్టల్‌లో గోడకి డ్రిల్ పెట్టొద్దన్నారు. మేడ్చల్‌లో గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపుకి వెళ్ళి ఇనుప స్టాండు చేయించుకున్నాం. కాళ్ళ మీద చిన్న ఇసుక బస్తా పెడితే కదలదు. ఏం చేసినా తలుపుకి మాత్రం తగిలించకండి. అవతలివాళ్ళు తలుపు తీసే క్షణానికి మీ చేతిలోంచి డార్ట్ వెళ్ళిపోయి ఉండొచ్చు.

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం: ఇంట్లో ఎవరున్నారు? శామీర్‌పేట వైపు ఇళ్ళలో హాలు పెద్దది, గోడ గట్టిది, బ్రిసిల్‌కి సరిపోతుంది. కానీ పైపోర్షన్‌లో మనం, కిందపోర్షన్‌లో ఓనర్ వాళ్ళు, వాళ్ళ నాలుగేళ్ళ బాబు రోజుకి పదిసార్లు “అన్నా” అంటూ పైకొస్తాడు. అలాంటి ఇంట్లో నేనైతే స్టీల్ మొన కొననివ్వను. ఎలక్ట్రానిక్ బోర్డు తీసుకోండి, అది కూడా డార్ట్స్ పైన అల్మారాలో పెట్టి. గోడ ఒప్పుకున్నా ఇంట్లో మనుషులకి సరిపడని బోర్డు వద్దు.

అందరూ పెద్దవాళ్ళే ఉన్న చోట మాత్రం నా ఓటు బ్రిసిల్‌కే. స్కోరు అదే లెక్కపెడుతుంది కదా అని ఎలక్ట్రానిక్ వైపు చాలామంది మొగ్గుతారు. నాకు మాత్రం ఆటలో సగం మజా ఆ లెక్కలోనే ఉంది. 501 నుంచి తీసివేసుకుంటూ రావాలి, చివరి డార్ట్ డబుల్‌లో పడి సరిగ్గా సున్నా కావాలి. 141 మిగిలితే ట్రిపుల్ 20, ట్రిపుల్ 19, డబుల్ 12. సీఎస్ఈ వాళ్ళకి 32 మీద ప్రేమ ఎందుకో డార్ట్స్‌లో తెలుస్తుంది: డబుల్ 16 కొట్టబోయి సింగిల్ పడితే 16 మిగులుతుంది, మళ్ళీ తప్పితే 8, తర్వాత 4, తర్వాత 2. ప్రతిసారీ ఇంకో డబుల్ ఎదురుగా ఉంటుంది. ఈ లెక్కంతా మెషీన్‌కి అప్పజెప్తే మనకి మిగిలేది చెయ్యి నొప్పి.

బోర్డు మీద అంకెల వరస కూడా చూడండి. 20కి అటు 5, ఇటు 1. గురి తప్పినవాడికి శిక్ష పడేలా అమర్చారు. 14కి అటూ ఇటూ 9, 11. ఆ మూడూ కలిపితే 34, అదే 5, 20, 1 కలిపితే 26. 2011లో ముగ్గురు స్టాటిస్టిక్స్ పరిశోధకులు దీని మీద పేపరే రాశారు. చెయ్యి బాగా కుదిరినవాళ్ళకే ట్రిపుల్ 20 లాభం, కొంచెం అటూ ఇటూ అయితే ట్రిపుల్ 19 మేలు, ఇంకా చెదిరితే బోర్డు ఎడమవైపుకి, మధ్యకి జరగాలి అని తేల్చారు. ఈ సరదా అంతా కొలతలు సరిగ్గా ఉన్న బోర్డు మీదే. బొమ్మల షాపు బోర్డు వెడల్పు తక్కువగా ఉండి, రింగులు ఇష్టమొచ్చినట్టు గీసి ఉంటే మీరు నేర్చుకున్న గురి ఇంకెక్కడా పనికిరాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. “ఇంట్లో ఆడుకునే బోర్డు” అంటున్నాం గానీ నాలుగేళ్ళు మనకి ఇల్లంటే హాస్టలే. మా హాస్టల్ గేటు సాయంత్రం ఏడింటికి మూస్తారు. మన క్లాసు అబ్బాయిలు రాత్రి పదింటికి టర్ఫ్‌లో బాక్స్ క్రికెట్ ఆడి ఫొటోలు పెడుతుంటే, మేం మంచాల మీద పడుకుని వాటికి లైకులు కొడుతుంటాం. గేటు టైము మారాలని అడుగుతూనే ఉన్నాం, అడుగుతూనే ఉంటాం. ఈలోపు సాయంత్రాలు మాత్రం ఆగవు కదా. గ్రౌండ్ అక్కర్లేకుండా, గేటు దాటకుండా, నలుగురు ఒకే గోడ వైపు చూస్తూ అరుచుకునే ఆట మాకు కావాలి. పన్నెండు మందిమి తలా కొంత వేసుకుని ఒక బ్రిసిల్ బోర్డు కొన్నాం. పన్నెండు రూముల్లో పన్నెండు పేపర్ బోర్డులు కొనే బదులు కామన్ రూములో ఒకటి. ఒకే బ్రాంచి అయినా ఏడాదిన్నరగా పలకరించుకోని వాళ్ళు ఇప్పుడు ఒకరి స్కోరు ఒకరు తీసివేసి చెప్పుకుంటున్నారు.

ఇది అబ్బాయిల ఆట అనేవాళ్ళకి ఒక సంగతి. 2019 డిసెంబరులో లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఫాలన్ షెరాక్ టెడ్ ఎవెట్స్‌ని ఓడించింది. ఆ టోర్నీలో మగ ఆటగాడిని ఓడించిన మొదటి మహిళ ఆమె. తర్వాతి రౌండులో మెన్సూర్ సుల్యోవిచ్‌ని కూడా ఇంటికి పంపింది. ఆమెకోసం బోర్డు కిందికి దించలేదు, గీత ముందుకి జరపలేదు. అదే 1.73, అదే 2.37.

“హాస్టల్‌లో సూదులా? ఎవరి కంట్లోనైనా పడితే?” అని మా వార్డెన్ మేడం అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే బోర్డు పక్కనే ఒక కాగితం అంటించాం. విసిరేవాళ్ళు తప్ప ఇంకెవరూ గీత దాటకూడదు. మూడు డార్ట్స్ అయ్యాకే తీయడానికి వెళ్ళాలి. చెప్పులు లేకుండా ఆడకూడదు. ఆట అయ్యాక డార్ట్స్ డబ్బాలో పెట్టి తాళం చెవి వార్డెన్ దగ్గర ఇవ్వాలి. రాత్రి పది తర్వాత ఆడకూడదు, పక్కరూములో ఎవరో ఒకరికి మర్నాడు ఆన్‌లైన్ టెస్ట్ ఉంటుంది. కాగితం చదివాక మేడం సరేనన్నారు. ఇప్పుడు ఆదివారాలు ఆవిడ కూడా వచ్చి మూడు విసిరి వెళ్తారు, మాకన్నా గురి నయం.

కాబట్టి నన్ను అడగబోయే తొమ్మిదో మనిషికి ముందే చెప్తున్నా. ఈ రాత్రి షాపింగ్ యాప్ తెరవొద్దు. టేపు లేకపోతే టైల్స్ లెక్కపెట్టండి. 3.2 మీటర్లు రాకపోతే రూముకి వద్దు, మీ ఫ్లోర్‌లో కామన్ రూము చూడండి, కలిసి వేసుకునేవాళ్ళని వెతకండి. వస్తే ఓనర్‌ని అడగండి, ఇంట్లో చిన్నపిల్లలున్నారేమో చూసుకోండి. ఆ తర్వాత సన్నటి తీగెలున్న బ్రిసిల్ బోర్డు తీసుకోండి, తీగె ఎంత సన్నగా ఉంటే డార్ట్ తగిలి ఎగిరిపోవడం అంత తక్కువ. కొన్నాక పదిహేను రోజులకోసారి అంకెల రింగు తీసి బోర్డుని కొంచెం తిప్పి మళ్ళీ పెట్టండి, 20 దగ్గరే అరిగిపోకుండా ఉంటుంది. మీ గీత ఎక్కడ పడిందో చెప్తే ఒక ఆదివారం సాయంత్రం మా జట్టుతో వస్తాం. ఏడింటిలోపు వెనక్కి పంపించేయాలి, అంతే.