పటేల్ షాట్, సంఘం షాట్

ఫేస్‌బుక్‌లో ఈ మధ్య ఒక రకం పోస్టులు బాగా ఎక్కువయ్యాయి. ఏదో వాట్సాప్ గ్రూపులో జరిగిన చర్చకు స్క్రీన్‌షాట్ తీస్తారు, సగానికి కోసేస్తారు, పైన ‘ఈ రైతుకు వచ్చిన జవాబు చూస్తే నోరెళ్ళబెడతారు, మిగతాది మా గ్రూపులో’ అని తగిలిస్తారు. ప్రశ్న బజార్లో, జవాబు తలుపు వెనకాల.

జహీరాబాద్ వైపు అల్లం వేసిన రైతు ఒకాయన, పసుపు తిరిగిన ఆకు ఫొటో పెట్టి ఏం చెయ్యాలని అడిగాడనుకుందాం. ఒకరు మందు పేరు చెబుతారు. ఇంకొకరు ఆ మందు కొట్టి నష్టపోయానంటారు. మూడో ఆయన సంబంధం లేకుండా గుడ్ మార్నింగ్ పెడతాడు. చివరికి తలపండిన రైతు ఒకరు వచ్చి, ‘ముందు మళ్ళల్ల నిలిచిన నీళ్ళు తీసెయ్, ఒక మొక్క పీకి చూడు, దుంప మెత్తబడి వాసనొస్తే అది దుంపకుళ్ళు’ అంటాడు. ఆ చర్చ మొత్తానికీ పనికొచ్చే మాట అదొక్కటే. తీరా బయటికొచ్చిన స్క్రీన్‌షాట్‌లో ఆకు ఫొటో ఉంటుంది, అడిగిన రైతు పేరూ ఫోన్ నంబరూ ఉంటాయి. ఆ మాట మాత్రం ఉండదు. నీళ్ళు తీసెయ్యడానికి అదును దాటిపోతున్న ఇంకో రైతు ఆ పోస్టు చూస్తే ఏం లాభం?

గ్రూపులో ముచ్చటను బయట పంచుకోవద్దని నేననను. మంచి చర్చ పదిమందికీ అందాలి. కొత్తవాళ్ళు రాని గ్రూపులో కొన్నాళ్ళకు పండగ శుభాకాంక్షలే మిగులుతాయి. కాబట్టి జనాన్ని రప్పించుకోవాలనుకోవడం సహజమే. నా పేచీ అంతా ఏది బయటపెడుతున్నారు, మాట్లాడిన మనిషిని ఎలా చూపిస్తున్నారు అన్నదాని గురించి. ఈ సంగతిలో జహీరాబాద్ దగ్గర పాతికేళ్ళ అనుభవం ఉంది. స్మార్ట్‌ఫోన్లు రాకముందు సంపాదించిన అనుభవం.

పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఊరూరా మహిళా సంఘాలు పెట్టింది. వాటిలో ఎక్కువమంది దళిత మహిళలు, ఎకరమో రెండెకరాలో ఎర్రచెలక ఉన్నవాళ్ళు. రాత్రి పనులు ముగిశాక కూర్చుని విత్తనం గురించి, కూలి గురించి, తిండి గురించి మాట్లాడుకునేవారు. ఈ మాటలు పక్క ఊరికి చేరేదెలా? 1990ల చివర్లో యునెస్కో సాయంతో ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో రేడియో స్టేషన్ అయితే వచ్చింది గానీ, ప్రసారానికి లైసెన్సు రాలేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు చెప్పిన ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. ఆ మాట కాగితం మీది నుంచి మాచ్‌నూర్ దాకా రావడానికి పదమూడేళ్ళు పట్టింది. స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం ఒప్పుకున్నదే 2006లో.

ఈలోగా ఆ మహిళలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ముచ్చట్లూ పాటలూ రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాలకు పంపి వినిపించారు. ఇప్పటి భాషలో ఫార్వర్డ్ అన్నమాటే. అయితే క్యాసెట్ మోగేది సమావేశంలో. విన్నవాళ్ళు అక్కడికక్కడే అవునో కాదో అనగలిగేవారు. 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలైంది. ప్రారంభించడానికి వచ్చింది 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్. స్టేషన్‌ను నడిపించినవాళ్ళు ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. వార్తలు చదివే గ్రాంథికపు గొంతు అక్కడ వినపడదు. పక్క ఊరి ఆమె తన యాసలో కొర్రల గురించి చెబుతుంటే వింటున్న మనిషికి, ఈ సంగతి నాకూ తెలుసే, నేనూ చెప్పగలనే అనిపిస్తుంది. నన్నడిగితే శ్రోతను రప్పించుకోవడమంటే అదీ.

ఇదే సంస్థలో కెమెరా పట్టిన మహిళలు ఇంకో పని చేశారు. సినిమావాళ్ళు యాంగిల్స్‌కు పెట్టుకున్న పేర్లు వాళ్ళకు నచ్చలేదు, సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూపించేది పటేల్ షాట్, ఎందుకంటే అరుగు మీద కూర్చున్న దొర కింద నిలబడ్డ కూలిని అలాగే చూస్తాడు. కంటికి కన్ను ఎదురుగా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు మరి. బీటీ పత్తి మీద వరంగల్ రైతులకు కోపం ఎందుకొచ్చిందో చూపించిన వాళ్ళ సినిమా 2003లో వచ్చి దేశాలు తిరిగింది. బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది 2002 మార్చిలో. అంటే మొదటి పంట దెబ్బ ఇంకా పచ్చిగా ఉండగానే రైతు మాటను రైతు నోటితోనే బయటి ప్రపంచానికి చేర్చారు.

మన స్క్రీన్‌షాట్లు చాలావరకు పటేల్ షాట్లే. అక్షర దోషాలతో అడిగిన ప్రశ్నను నవ్వుకోవడానికి పంచుతాం. ఇద్దరు వాదులాడుకుంటే ఘాటైన రెండు వాక్యాలు ఏరి పంచుతాం. మాట్లాడిన మనిషి ఎవరి మధ్య, ఏ ధైర్యంతో ఆ మాటన్నాడో చూసేవాడికి అక్కర్లేదు. గ్రూపులో అన్నది సంఘంలో అన్నట్టు. దాన్ని తెచ్చి చౌరస్తాలో వేలాడదీసే ముందు ఆయన్ను ఒక్క మాట అడగడానికి ఏం రోగం?

అడగకుండా, ముందూ వెనకా తీసేసి పంచితే ఎంత దూరం పోతుందో జహీరాబాద్ వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 జూలై 13న, పక్కనున్న బీదర్ జిల్లా ముర్కి దగ్గర, హైదరాబాద్ నుంచి వెళ్ళిన యువ ఇంజినీరును గుంపు కొట్టి చంపింది. ఆయనతో ఉన్నవాళ్ళు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అది పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అన్న పుకారుతో వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. కారు ముందుకు పోయేలోగా ఆ పుకారు ముందు ఊరికి చేరిపోయింది. అరెస్టయినవాళ్ళలో ఒక గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు. భారత్‌లో ఫార్వర్డులను ఐదింటికి పరిమితం చేస్తామని వాట్సాప్ అదే నెలలో ప్రకటించింది. కోసిన స్క్రీన్‌షాట్‌నూ ఈ ఘోరాన్నీ ఒక గాటన కట్టడం లేదు. రెంటిలోనూ బొమ్మ సాగింది, సందర్భం తెగిపోయింది అన్నంత వరకే పోలిక.

పోనీ ఊరించే పోస్టుల వల్ల లాభమైనా ఉందా అంటే, ‘ట్యాగ్ చెయ్యండి, షేర్ చెయ్యండి’ అంటూ బతిమాలే, ఊరించే పోస్టులను కిందికి తోసేస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబర్‌లోనే చెప్పింది. ఆ కంపెనీ మాటను నమ్మమని నేననను గానీ, చూసేవాడు మాత్రం రెండుసార్లు మోసపోయాక మూడోసారి నొక్కడు.

సంక్రాంతికి మొదలై నెల రోజుల పాటు సాగే డక్కన్ సొసైటీ సంఘాల పాత పంటల జాతర చూసినవాళ్ళకు ఇంకో దారి తెలుసు. ఎడ్లబండ్లను అలంకరించి, సామలు, కొర్రలు, రకరకాల జొన్నలు, పప్పుల విత్తనాలు బుట్టల్లో పెట్టుకుని ఊరూరూ తిరుగుతారు. డప్పులు, పాటలు, బండ్ల ముస్తాబు ఇవన్నీ జనాన్ని పిలవడానికే, సందేహం లేదు. ఆకర్షణ అంటే వాళ్ళకేం చిన్నచూపు లేదు. పిలిచాక మాత్రం బుట్ట మూత తీసే ఉంటుంది. విత్తనం ముట్టుకోవచ్చు, అడగొచ్చు. ఆ ఊరివాళ్ళు తమ చేలో ఏం జరిగిందో చెబుతారు, చర్చ అక్కడే నడుస్తుంది.

గ్రూపు నడిపేవాళ్ళు దీన్ని ఫోన్‌లోకి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. ప్రశ్నతో పాటు పనికొచ్చిన జవాబు పెట్టండి. జవాబిచ్చిన వాళ్ళను అడిగి, ఇష్టమంటే పేరు వెయ్యండి, వద్దంటే తీసెయ్యండి. నంబర్లు ఎలాగూ చెరిపెయ్యాలి. చివర్లో, ‘మీ దగ్గర ఇలాగే అయిందా, ఏం చేశారు’ అని అడగండి. రాయడం రానివాళ్ళూ బద్ధకించేవాళ్ళూ చాలామంది కాబట్టి ఒకటి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ ఉంటే ఇంకా మంచిది. యాసను దిద్దకండి.

ఇలా చేస్తే చేరేవాళ్ళు తగ్గుతారని అడ్మిన్లు అంటారు. తగ్గొచ్చు. జవాబు బయటే దొరికింది కదా అని కొందరు చదివి పోతారు. పోనివ్వండి. వాళ్ళ చేలో నీళ్ళు దిగిపోతే మీ గ్రూపుకు వచ్చిన నష్టమేమిటి? చేరేది మాత్రం తమ దగ్గర చెప్పడానికి ఏదో ఉన్నవాళ్ళు. రేపు ఇంకొకరు ఆలుగడ్డ తెగులు ఫొటో పెడితే పలికేది వాళ్ళే.