తక్కువ ఖర్చు చదువు - ఎవరి లెక్క ప్రకారం?

పదో తరగతి, ఇంటరు ఫలితాలొచ్చే రోజుల్లో సంఘం ఆఫీసుకి వచ్చే తల్లులు ఎక్కువగా అడిగేది ఒకటే. "తక్కువ ఖర్చులో అయిపోయి, నాలుగు డబ్బులు సంపాదించిపెట్టే చదువేదైనా ఉంటే చెప్పండమ్మా." ఈ ప్రశ్నని నేను చిన్నచూపు చూడను. చదువు జ్ఞానం కోసమే అనడం కడుపు నిండినవాళ్ళకి సులువు. చేతిలో సొంత డబ్బు లేని స్త్రీకి చట్టంలో రాసిన హక్కు ఎంత దూరంలో ఉంటుందో గృహహింస కేసులు చూస్తున్న మనకి తెలియంది కాదు.

నా పేచీ "తక్కువ ఖర్చు" అన్న మాట కూతురి విషయంలో మాత్రమే వినిపించడం గురించి. కొడుక్కి మేనేజ్‌మెంట్ సీటు కొనడానికి తాతల నాటి ఎకరం అమ్ముతారు. కూతురికైతే "ఎంసెట్‌లో మంచి ర్యాంకొస్తే చూద్దాం, లేకపోతే ఊళ్ళో డిగ్రీ" అంటారు. (పేరు మారినా మన నోట్లో అది ఇంకా ఎంసెట్టే!) ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. అమ్మిన ఆ ఎకరంలో ఆమె వాటా కూడా ఉందన్న సంగతి మాత్రం బేరం కుదిరేటప్పుడు ఎవరికీ గుర్తు రాదు.

ఇటీవల చాలామంది పిల్లలు టెలికాం ఇంజనీరింగ్ గురించి అడుగుతున్నారు. మన దగ్గర అది ఎక్కువగా ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్, అంటే ఇ.సి.ఇ. పేరుతో ఉంటుంది. ట్రంకు కాల్ రోజుల్లో ఈ శాఖలో ఆడవాళ్ళు చెవికి హెడ్‌సెట్ తగిలించుకున్న ఆపరేటర్లుగానే ఎక్కువగా కనిపించేవారు. ఇప్పుడు ఇంజనీర్లుగా వస్తామంటున్నారు. రానివ్వాలి. ఏ దారిన రావాలన్న దగ్గరే మనం లెక్క తెలిసి మాట్లాడాలి.

అందరికీ తెలిసిన దారి ఇంటరు రెండేళ్ళు, బి.టెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరేళ్ళు. కార్పొరేట్ ఇంటరు కాలేజీలో ఆ రెండేళ్ళకే ఇల్లు గుల్లవుతుంది. రెండో దారి పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ ఇ.సి.ఇ. డిప్లొమా చేయడం. ఆ తర్వాత ఈసెట్ రాస్తే బి.టెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. ఇవీ ఆరేళ్ళే! పైగా మూడో ఏడు పూర్తయ్యేసరికి చేతిలో ఒక అర్హత ఉంటుంది. మధ్యలో పెళ్ళి అనో, తండ్రి అనారోగ్యం అనో చదువు ఆపేస్తే ఇంటరు సర్టిఫికెట్‌తో మిగిలే పిల్లకీ, డిప్లొమాతో మిగిలే పిల్లకీ చాలా తేడా. రైల్వే సిగ్నల్, టెలికాం విభాగాల్లో జూనియర్ ఇంజనీరు పోస్టుకీ, ఇస్రోలో టెక్నికల్ అసిస్టెంటు పోస్టుకీ డిప్లొమా మీదే పోటీ పడొచ్చు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు ఏడాదికి కొన్ని వేలు మాత్రమే. గుంటూరు, కాకినాడ, వరంగల్ లాంటి చోట్ల మహిళలకే ప్రభుత్వ పాలిటెక్నిక్‌లున్నాయి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే డిప్లొమాకైనా డిగ్రీకైనా ఎ.ఐ.సి.టి.ఇ. ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50 వేలు వస్తుంది. ఒక ఇంట్లో ఇద్దరాడపిల్లల దాకా అర్హులే. ఎంపిక మెరిట్ మీద. ఎంతమంది తల్లులకి ఈ సంగతి చేరింది?

సంపాదన గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫోన్లు పెరిగితే ఫోను కంపెనీల్లో ఉద్యోగాలూ పెరుగుతాయనుకోవడం పొరపాటు. 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. ఆ తర్వాతి ఏళ్ళలో కంపెనీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. 2020 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. నుంచి 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ పేరుతో వెళ్ళిపోయారు. అయితే ఇ.సి.ఇ. చదివినవాళ్ళకి చిప్ డిజైన్, ఎంబెడెడ్ సిస్టమ్స్, సాఫ్ట్‌వేర్ దారులు కూడా ఉన్నాయి. అందుకే చవగ్గా వస్తుందని ఒక్క టెలికాంకే పరిమితమైన సన్నటి కోర్సు కంటే ఇ.సి.ఇ. మేలని నా అభిప్రాయం.

చవకలో మోసాలూ ఉన్నాయి. ఇంట్లో కూర్చునే బి.టెక్ అంటూ పెళ్ళయిన ఆడవాళ్ళకి వల వేస్తారు. ఇంజనీరింగ్‌ని కరస్పాండెన్స్ ద్వారా నేర్పడం కుదరదని 2017లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పనిచేసుకుంటూ చదివేవాళ్ళకి ఒకప్పుడు ఆసరాగా ఉన్న ఎ.ఎం.ఐ.ఇ.టి.ఇ.కి కూడా, 2013 మే 31 లోపు చేరినవాళ్ళకే డిగ్రీతో సమానమైన గుర్తింపు దక్కింది.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. ప్రభుత్వం బకాయి పెడుతుంది, కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది, ఉద్యోగం పిలిచినా పిల్ల వెళ్ళలేదు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని 2018లో యు.జి.సి. స్పష్టంగా చెప్పింది. మనం కాలేజీకి వెళ్ళి నిలదీయాల్సిన సందర్భం ఇదే.

అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్ళకే భర్తని పోగొట్టుకుని, చంటిబిడ్డ తల్లిగా 1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి ఎలక్ట్రికల్ ఇంజనీరైంది. ఆమె తండ్రి ఆ కాలేజీలోనే ప్రొఫెసరు. దారి చూపించే అలాంటి తండ్రి లేని పిల్లల కోసమే మనం ఉన్నాం.

పదో తరగతి ఫలితాల దాకా ఆగితే పాలీసెట్ గడువు దాటిపోవచ్చు. కాబట్టి ఫిబ్రవరి సమావేశాల్లోనే ఈ విషయం పెట్టండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు అప్పుడే తీయించండి. తల్లులతోపాటు పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి.