బహుమతికి 50 వేలు, కుట్టుపనికి సున్నా

సరదాకి చేసే పని మీద నాలుగు రూపాయలు వస్తే రిటర్నులో చూపాలా అని జూలై నెలంతా నన్ను అడుగుతూనే ఉంటారు. గుంటూరులో రిటర్నులు వేసిపెట్టడం నా వృత్తి. నా జవాబు ఎవరికీ నచ్చదు. వేరే రాబడి లేని ఇల్లాలైతే, కొత్త విధానంలో మొత్తం ఆదాయం 4 లక్షలు దాటేదాకా మామూలుగా రిటర్ను జోలికి పోనక్కర్లేదు. జీతం ఉన్నవాళ్లకు మాత్రం మొదటి రూపాయి నుంచీ లెక్కే. అడపాదడపా వచ్చేదైతే ఇతర ఆదాయం, పద్ధతిగా ఆర్డర్లు పట్టి చేస్తుంటే వ్యాపారం. ఖర్చులు పోగా మిగిలింది చూపాలి.

మొన్న ఒకావిడ వచ్చారు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారు, రాత్రుళ్లు కూర్చుని జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తారు. పెళ్లిళ్ల సీజన్లో తోటి లెక్చరర్లూ వాళ్ల చుట్టాలూ తెచ్చిస్తారట. చిన్న నోటు పుస్తకంలో ఒకవైపు వచ్చిన డబ్బు, రెండోవైపు జర్దోసీ, పూసలు, కుందన్లు, పట్టుదారం కొన్న తేదీలతో సహా రాసుకున్నారు. వచ్చింది 41 వేలు, ఖర్చు 24 వేలు, మిగిలింది 17 వేలు. చూసి ముచ్చటేసింది. కోట్ల టర్నోవరు ఉన్న పెద్దమనుషులే నాకు బిల్లులు ప్లాస్టిక్ కవర్లో కుక్కి ఇస్తారు.

ఆవిడ 2025-26 జీతం 12 లక్షల 70 వేలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 11.95 లక్షలు. 12 లక్షల లోపే కాబట్టి రిబేటు పోను కట్టాల్సింది ఏమీ లేదు. ఈ 17 వేలు కలిపేసరికి 12.12 లక్షలైంది. గీత దాటిన 12 వేలూ పన్నుకే పోయాయి, పైన సెస్సు 480. మొత్తం 12,480. అదీ గీత దాటినదానికి మించి పన్ను పడకుండా ఆపే మార్జినల్ రిలీఫ్ ఉండబట్టి, లేకపోతే సెస్సు కాక 61,800 అయ్యేది. ఏడాది పొడుగునా కళ్లు పోగొట్టుకుని కుట్టినందుకు ఆవిడకు దక్కింది 4,520 రూపాయలు.

"గిఫ్ట్ అని రాసెయ్యకూడదాండీ?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. బయటివాళ్లు ఊరికే ఇచ్చిన డబ్బు ఏడాదికి 50 వేలు మించకపోతే పన్ను లేదు మరి. కానీ జాకెట్టు కుట్టిచ్చి పుచ్చుకున్నది గిఫ్ట్ ఎలా అవుతుంది? ఇంకో దొడ్డిదారి ఉంది. వ్యాపారమని ఐటీఆర్-4లో పెడితే, ఫోన్‌పేలో వచ్చిన సొమ్ముకు 6 శాతం లాభం చూపినా ఫారం ఒప్పుకుంటుంది. అప్పుడు లాభం 2,460, పన్ను సున్నా. 17 వేలు మిగిలాయని ఆ పుస్తకం ఎదురుగా కనబడుతుంటే 2,460 అని నా చేత్తో ఎలా రాయను? రాసేవాళ్లు లేరని కాదు. ఆవిడ మరి మాట్లాడకుండా 12,480 కట్టేశారు.

అదే మగ్గం వదిలేసి మొక్కలు పట్టుకుని ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. కడియంలో నర్సరీ పెట్టి పెంచిన మొక్క అమ్మితే వచ్చింది వ్యవసాయ ఆదాయం కిందికే వస్తుందని 2008లోనే చట్టంలో చేర్చారు. మొక్కకో న్యాయం, జాకెట్టుకో న్యాయం.

ఇంత చేసీ ప్రభుత్వానికి ఒరిగేదేమైనా ఉందా అంటే, అదీ కనబడదు. మన రాబడుల గురించి డిపార్టుమెంటు దగ్గరుండే ఏఐఎస్ అనే పట్టికలో బ్యాంకు వడ్డీలు, షేర్ల అమ్మకాలు కనిపిస్తాయి గానీ తోటి లెక్చరర్ ఫోన్‌పే చేసిన 1,500 కనిపించవు. వాటి కోసం డిపార్టుమెంటు వెతుక్కుంటూ రాదు. చెప్పినవాళ్లు కడతారు, చెప్పనివాళ్లు హాయిగా ఉంటారు. ఆ చెప్పనివాళ్ల సంగతి తెలిశాక వచ్చే ఏడాది ఈవిడ మాత్రం పుస్తకం పట్టుకొస్తారన్న నమ్మకం నాకు లేదు.

బ్రిటన్‌లో 2017 ఏప్రిల్ నుంచి ఇలాంటి చిల్లర సంపాదనకు ఏడాదికి వెయ్యి పౌండ్ల మినహాయింపు ఉంది. లెస్టర్‌లో ఉద్యోగం చేసుకునే మా మేనకోడలు ఆదివారాలు పిల్లలకు వీణ చెబుతుంది. ఫీజులు ఆ వెయ్యి దాటవు, ఆ డబ్బు కోసం ఏ ఫారమూ నింపదు. మనకూ అనుకోకుండా వచ్చే రాబడికి 5 వేల మినహాయింపు ఉండేది. హాబీల కోసం పెట్టింది కాదు, అదీ 2002 బడ్జెట్‌తో పోయింది.

ఊరికే వచ్చిన డబ్బుకు 50 వేలు వదిలిన చట్టం, కష్టపడి తెచ్చుకున్నదానికీ అంత వదలాలి. అదీ మిగిలినదాని మీద కాదు, వచ్చినదాని మీద వదలాలి. అప్పుడు పూసల బిల్లులు దాచే పని కూడా తప్పుతుంది. దుకాణాలవాళ్లు దీని చాటున దూరతారన్న భయం ఉంటే, జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లకు వర్తించదని ఒక్క వాక్యం చేర్చితే సరిపోతుంది.