నితీశ్‌ది ఎన్నో ర్యాంకు? స్మరణ్ ఎక్కడ? సన్‌రైజర్స్ కుర్రాళ్ల లిస్టులపై ఫ్యాన్స్ లెక్కలివే.. హైదరాబాదీ పేరు మాత్రం లేదు!

2025 డిసెంబర్ 16న అబుదాబిలో జరిగిన ఐపీఎల్ మినీ వేలానికి సన్‌రైజర్స్ హైదరాబాద్ రూ.25.5 కోట్ల పర్సుతో వెళ్లింది. అప్పుడు నింపాల్సిన ఖాళీలు 10. దీంతో ఫ్యాన్స్ మళ్లీ పెన్నూ పేపర్ పట్టుకున్నారు. టీమ్‌లో ఉన్న కుర్రాళ్లలో ఎవరు ఫస్ట్? ఎవరు లాస్ట్? ఎవరి మీద ఇంకో రెండేళ్లు నమ్మకం పెట్టుకోవచ్చు?

ఉప్పల్ స్టేడియానికి దగ్గర్లోనే ఉన్న ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ ఏరియాల్లో ఈ చర్చ కాస్త గట్టిగానే నడుస్తుంది. ఎల్బీనగర్ నుంచి నాగోల్ మీదుగా బండి మీద వెళ్తే స్టేడియం ఎంతో దూరం కాదు. పైగా దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఇక్కడి కుర్రాళ్లకు ర్యాంకులు కొత్త కాదు. గ్రూప్స్ నుంచి బ్యాంక్ పరీక్షల దాకా అన్నీ మార్కుల లెక్కే. అదే లెక్కను క్రికెటర్లకూ వేస్తున్నారు. పోయిన సీజన్‌లో ఎన్ని రన్స్ కొట్టాడు? ఎన్ని వికెట్లు తీశాడు? అంతే, ర్యాంకు రెడీ!

కానీ అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పరీక్షలో అందరికీ ఒకటే పేపర్, ఒకటే టైమ్. క్రికెట్‌లో అలా కాదు. ఒకరికి 14 మ్యాచ్‌లు దొరుకుతాయి, ఇంకొకరికి మూడే. ఒకరు పవర్‌ప్లేలో ఆడతారు, ఇంకొకరు ఆరు బంతులు మిగిలినప్పుడు క్రీజులోకి వస్తారు. ఒక్క సీజన్ నంబర్లు చూసి ర్యాంకు ఇస్తే లెక్క ఎలా తప్పుతుందో సన్‌రైజర్స్ చరిత్రే చెబుతోంది.

అభిషేక్‌కు అప్పట్లో ఏ ర్యాంకు ఇచ్చేవారు?

ఇప్పుడు అభిషేక్ శర్మ పేరు చెబితే ఉప్పల్ ఊగిపోతుంది. 2025 ఏప్రిల్ 12న పంజాబ్‌పై ఇదే గ్రౌండ్‌లో 55 బంతుల్లో 141 బాదాడు. ఐపీఎల్‌లో ఒక భారత బ్యాటర్ చేసిన అత్యధిక స్కోరు అదే. ఆ తర్వాత ఐసీసీ టీ20 బ్యాటర్ల ర్యాంకింగ్స్‌లో నంబర్ వన్ అయ్యాడు. ఆసియా కప్‌లో 314 రన్స్ చేసి ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ అవార్డు కూడా కొట్టేశాడు.

అయితే ఇదే అభిషేక్ సన్‌రైజర్స్‌కు 2019లోనే వచ్చాడు. మొదటి మూడు సీజన్లలో చెప్పుకోదగ్గ స్కోర్లే లేవు. 2022లో ఓపెనింగ్ ఛాన్స్ ఇస్తే 426 రన్స్ చేశాడు. 2023లో మళ్లీ 226కు పడిపోయాడు. ఆ ఏడాది ఎవరైనా లిస్టు రాస్తే అభిషేక్‌ను కింద పడేసేవారే. మేనేజ్‌మెంట్ మాత్రం వదల్లేదు. 2024లో 484 రన్స్, స్ట్రైక్ రేట్ 204! ఇప్పుడు అతని రేటు రూ.14 కోట్లు.

నితీశ్ కథ కూడా అదే దారిలోనా?

వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 2023లో సన్‌రైజర్స్ రూ.20 లక్షలకే తీసుకుంది. 2024లో 303 రన్స్ చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు గెలిచాడు. మెగా వేలానికి ముందు టీమ్ అతన్ని రూ.6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఆ ఏడాది డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో 8వ స్థానంలో దిగి 114 కొట్టాడు. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి ఇంట్లో ఆ సెంచరీ గురించే మాట్లాడుకున్నారు.

కట్ చేస్తే 2025 ఐపీఎల్‌లో 182 రన్సే. బౌలింగ్ కూడా పెద్దగా చేయలేదు. ఇంకేముంది, లిస్టుల్లో కిందికి జారిపోయాడు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ రూల్ ఉంది. దాని వల్ల టీమ్‌లు ఒక బ్యాటర్‌ను తీసేసి ఒక బౌలర్‌ను దించుకోవచ్చు. అంటే కొంచెం బ్యాటింగ్, కొంచెం బౌలింగ్ చేసే ఆల్‌రౌండర్ అవసరం తగ్గుతుంది. బంతి చేతికి రాకపోతే నితీశ్ అచ్చంగా బ్యాటర్ కిందే లెక్క. మరి అతని ర్యాంకు తగ్గింది ఆట వల్లా, రోల్ వల్లా? 2025 చివరికి అతని వయసు 22 ఏళ్లే. 2023లో అభిషేక్‌కు వచ్చినట్టే నితీశ్‌కూ ఒక డౌన్ సీజన్ వచ్చిందని అనుకుంటే లిస్టు మొత్తం మారిపోతుంది.

లిస్టులో ఎవరెవరు?

అభిషేక్ ఇప్పుడు స్టార్ కాబట్టి అతన్ని పక్కన పెడదాం. నితీశ్ కాకుండా సన్‌రైజర్స్ అట్టిపెట్టుకున్న కుర్రాళ్లలో ఎక్కువగా చర్చలో ఉన్నవాళ్లు వీళ్లే..

స్మరణ్ రవిచంద్రన్: కర్ణాటక ఎడమచేతి వాటం బ్యాటర్. 2025 జనవరిలో విజయ్ హజారే ఫైనల్లో విదర్భపై సెంచరీ, అదే నెలలో రంజీలో పంజాబ్‌పై డబుల్ సెంచరీ. ఏప్రిల్‌లో ఆడమ్ జంపా స్థానంలో సన్‌రైజర్స్‌లోకి వచ్చాడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే గాయంతో వెళ్లిపోయాడు. 2025-26 రంజీ సీజన్‌లో కేరళ, చండీగఢ్‌లపై మళ్లీ డబుల్ సెంచరీలు బాదాడు. ఐపీఎల్ స్కోర్లు మాత్రమే చూసే లిస్టులో స్మరణ్‌కు చోటే ఉండదు!

హర్ష్ దూబే: విదర్భ లెఫ్టార్మ్ స్పిన్నర్. 2024-25 రంజీ సీజన్‌లో 69 వికెట్లు తీశాడు. ఒక సీజన్‌లో ఇదే రికార్డు. ఆ ఏడాది కప్పు కూడా విదర్భదే. స్మరణ్‌కు గాయమైతే ఇతన్ని తీసుకున్నారు. అప్పటికే సీజన్ చివరికి వచ్చేసింది.

ఈషాన్ మలింగ: శ్రీలంక పేసర్. రూ.1.2 కోట్లకు వచ్చి 7 మ్యాచ్‌ల్లో 13 వికెట్లు తీశాడు. నంబర్ల పరంగా 2025 సీజన్‌లో కుర్రాళ్లలో బెస్ట్ ఇతనే. కాకపోతే విదేశీ ఆటగాడు. తుది జట్టులో నలుగురు విదేశీయులకే చోటు కాబట్టి కమిన్స్, హెడ్, క్లాసెన్‌లతో పోటీ తప్పదు.

అనికేత్ వర్మ: రూ.30 లక్షలకు వచ్చిన మధ్యప్రదేశ్ హిట్టర్. వైజాగ్‌లో ఢిల్లీపై 41 బంతుల్లో 74 కొట్టి ఒక్క రాత్రిలో ఫేమస్ అయ్యాడు. మిడిల్ ఆర్డర్‌లో వచ్చి సిక్సులు కొట్టడమే ఇతని పని. అలాంటి బ్యాటర్‌ను సగటుతో కొలవడం కరెక్ట్ కాదు.

జీషాన్ అన్సారీ: యూపీ లెగ్ స్పిన్నర్, ధర రూ.40 లక్షలు. అదే వైజాగ్ మ్యాచ్‌లో అరంగేట్రం చేసి డుప్లెసిస్, రాహుల్ సహా 3 వికెట్లు పడగొట్టాడు.

స్కోర్ల లెక్కన అయితే ఈషాన్, అనికేత్ పైన ఉంటారు. వయసు, దేశవాళీ రికార్డు, ముందున్న ఛాన్స్‌లు కలిపి చూస్తే నితీశ్, స్మరణ్, దూబే పైకొస్తారు. రెండు లిస్టుల మధ్య ఇంత తేడా ఉంది.

ఐస్ హాకీలో 171వ నంబర్ ఏం చేశాడు?

ఈ ర్యాంకుల పిచ్చి మన దగ్గరే కాదు. అమెరికా, కెనడాల్లో జరిగే ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీ లీగ్‌లో 32 టీమ్‌లు ప్రతి ఏడాది డ్రాఫ్ట్‌లో కుర్రాళ్లను ఎంచుకుంటాయి. ఎక్కువ మంది వయసు 18 ఏళ్లే. ఏడు రౌండ్లలో మొత్తం 224 మంది. ఎవరు స్టార్ అవుతారని ఫ్యాన్స్ ఏళ్ల తరబడి లిస్టులు రాస్తూనే ఉంటారు. 1998లో డెట్రాయిట్ టీమ్ 171వ నంబర్‌లో పావెల్ దత్సుక్ అనే రష్యా కుర్రాడిని తీసుకుంది. అంటే అతనికి ముందే 170 మందిని టీమ్‌లు ఎంచుకున్నాయి. తర్వాత అతను ఆ టీమ్‌తో రెండు సార్లు స్టాన్లీ కప్ గెలిచాడు!

అయితే అక్కడ ఒక వెసులుబాటు ఉంది. డ్రాఫ్ట్ చేసిన కుర్రాడిపై హక్కులు కొన్నేళ్ల పాటు ఆ టీమ్‌వే. చిన్న లీగ్‌లలో ఆడించి, పదును పెట్టి, తర్వాత దించుతారు. ఐపీఎల్‌లో అంత ఓపికకు టైమ్ లేదు. 2018, 2022, 2025.. ఇలా మెగా వేలం వచ్చిన ప్రతిసారీ కొద్ది మందిని తప్ప అందరినీ వదిలేయాల్సిందే. అందుకే ఇక్కడ తప్పు ర్యాంకు ఇస్తే నష్టం ఎక్కువ. ఆ ప్లేయర్ పక్క టీమ్‌లో తేలతాడు.

సిరాజ్ విషయంలో జరిగింది ఇదే

ఆ నష్టం హైదరాబాద్‌కు బాగా తెలుసు. ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌ను 2017లో రూ.2.6 కోట్లకు తీసుకున్నది సన్‌రైజర్సే. ఆ సీజన్‌లో 6 మ్యాచ్‌ల్లో 10 వికెట్లు తీశాడు. 2018 మెగా వేలంలో అదే రూ.2.6 కోట్లకు బెంగళూరు ఎగరేసుకుపోయింది. ఇప్పుడు గుజరాత్‌లో అతని ధర రూ.12.25 కోట్లు.

తిలక్ వర్మ అయితే హోమ్ టీమ్‌కు ఆడనే లేదు. ఎలక్ట్రీషియన్ కొడుకు, హైదరాబాద్ గల్లీల్లో ఆడి పెరిగిన ఎడమచేతి బ్యాటర్. 2022లో రూ.1.7 కోట్లకు ముంబై తీసుకుంటే తొలి సీజన్‌లోనే 397 రన్స్ చేశాడు. 2025 సెప్టెంబర్ 28న ఆసియా కప్ ఫైనల్లో పాకిస్థాన్‌పై 69 నాటౌట్‌తో కప్పు తెచ్చిపెట్టాడు.

ఇక 2025 డిసెంబర్ వేలానికి ముందు సన్‌రైజర్స్ అట్టిపెట్టుకున్న లిస్టు చూడండి. వైజాగ్ నుంచి నితీశ్ ఉన్నాడు. హైదరాబాద్ కుర్రాడు మాత్రం ఒక్కడూ లేడు. ఇది కొత్త గొడవేం కాదు. 2021 వేలం తర్వాత ఎమ్మెల్యే దానం నాగేందర్ కూడా లోకల్ ప్లేయర్లు లేరని సన్‌రైజర్స్‌పై బహిరంగంగానే మండిపడ్డారు.

అయితే తప్పంతా ఫ్రాంచైజీ మీదే వేస్తే సరిపోదు. అనికేత్ మధ్యప్రదేశ్ లీగ్‌లో, జీషాన్ యూపీ టీ20 లీగ్‌లో మెరిసి స్కౌట్ల కంట్లో పడ్డారు. మన హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ మాత్రం ఎన్నికలు, కోర్టు కేసులతోనే ఎక్కువగా వార్తల్లో ఉంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే జోక్యం చేసుకుని వ్యవహారాలను రిటైర్డ్ జడ్జి జస్టిస్ ఎల్.నాగేశ్వరరావుకు అప్పగించాల్సి వచ్చింది. హైదరాబాద్ చివరిసారి రంజీ కప్పు గెలిచింది 1986-87లో. సరూర్‌నగర్‌లోనో, నాగోల్‌లోనో పొద్దున్నే కిట్ బ్యాగ్ మోసుకుని ప్రాక్టీస్‌కు వెళ్లే కుర్రాడు ఎంత బాగా ఆడినా, చూసేవాళ్లు లేకపోతే ఏ లిస్టులోకీ రాడు.

మరి వేలంలో ఏం చూడాలి?

ఎంత పెద్ద విదేశీ స్టార్‌ను కొన్నారన్నది హెడ్‌లైన్ అవుతుంది. కానీ ఫ్యాన్స్ గమనించాల్సింది వేలం చివర్లో రూ.30 లక్షల బేస్ ప్రైస్‌కు వెళ్లే పేర్లను. నితీశ్, అనికేత్, జీషాన్ వచ్చింది ఆ చిన్న రేట్లలోనే. 2025లో ఆరో స్థానంతో సరిపెట్టుకున్న టీమ్‌కు రేపటి అభిషేక్ కూడా అక్కడే దొరకొచ్చు. ఆ పేర్లలో ఒక్క హైదరాబాదీ అయినా ఉంటే ఈసారి ఫ్యాన్స్ లిస్టులో మన ఊరికీ ఒక ర్యాంకు వస్తుంది. లేదంటే మరో సిరాజ్‌ను, మరో తిలక్‌ను ఉప్పల్‌లో అవతలి జట్టు జెర్సీలోనే చూడాల్సి వస్తుంది.