పది లక్షల వైద్యం, లక్షన్నర గడప

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని కుటుంబానికి ఏటా ఐదు లక్షల రూపాయల నుంచి పది లక్షలకు పెంచింది. మరుసటి ఏడాది 163 కొత్త చికిత్సలను చేర్చడంతో జాబితా 1,835కు చేరింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఈ పథకం ఎన్నో పేద కుటుంబాలను అప్పుల పాలు కాకుండా కాపాడింది. ఈ పెంపును మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాము. అయితే ఎంత ఇస్తారన్న లెక్క పెరిగిందే గాని, ఎవరికి ఇస్తారన్న లెక్క మాత్రం 2014 నాటి చోటనే నిలిచిపోయింది.

ఆరోగ్యశ్రీకి ప్రధాన ఆధారం ఆహారభద్రత కార్డు, అంటే జనవ్యవహారంలో తెల్లకార్డు. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామాలకు ఏటా 60 వేలు, పట్టణాలకు 75 వేల రూపాయలుగా ఉన్న ఆదాయ పరిమితిని 2014లో లక్షన్నరకూ, రెండు లక్షలకూ పెంచారు. భూమి విషయంలో మాగాణి మూడున్నర ఎకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు హద్దుగా పెట్టారు. కొత్త కార్డుల కోసం 2025 జనవరిలో మంత్రివర్గం ఆమోదించిన మార్గదర్శకాల్లోనూ ఇవే అంకెలున్నవి.

ఈ అంకెల అర్థమేమిటో చిన్న లెక్కతో చూద్దాము. 2014-15లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ దినకూలి 169 రూపాయలు. ఆ రేటున భార్యాభర్తలిద్దరికీ ఏడాదికి 250 రోజులు ఎక్కడ పని దొరికినా వారి ఆదాయం 84,500 రూపాయలు. నాడు ఆ కుటుంబం నిస్సందేహంగా అర్హురాలు. 2025-26లో ఆ కూలి 307 రూపాయలు. అదే దంపతులు అన్నే రోజులు పనిచేస్తే 1,53,500 రూపాయలు. అంటే సర్కారు తానే నిర్ణయించిన కూలిరేటున కష్టపడిన కుటుంబం, సర్కారు లెక్కలోనే అనర్హమవుతుంది. ఆ ఇంట బియ్యం బస్తా ధరా పెరిగింది, మందుల ఖర్చూ పెరిగింది. పెరగనిది పేదరికపు గీత ఒక్కటే.

మహబూబాబాద్ జిల్లా గంగారం మండలాన్ని తీసుకుందాము. 2016లో కొత్తగూడ నుంచి విడివడి ఏర్పడిన ఈ మండలం అడవి నడుమ ఉన్న ఏజెన్సీ ప్రాంతం. పెద్ద జబ్బు చేస్తే కొత్తగూడ, నర్సంపేట దాటి వరంగల్ ఎం.జి.ఎం.కు పోవాలి, లేదా గూడూరు మీదుగా మహబూబాబాద్ చేరాలి. ఇక్కడి కోయ, లంబాడ సోదరులకు 2006 నాటి అటవీహక్కుల చట్టం నాలుగు హెక్టార్ల దాకా, అంటే సుమారు పది ఎకరాల దాకా, పోడు హక్కు ఇవ్వవచ్చునంటున్నది. కార్డు నిబంధన మెట్ట ఏడున్నర ఎకరాలు దాటరాదంటున్నది. చట్టం అనుమతించిన మేరకు రాళ్లభూమికి పట్టా పొందిన గిరిజనుడు కూడా ఆసుపత్రి గుమ్మంలో భూస్వామిగా నిలబడవలసి వస్తుంది.

గిరిజనేతరులకు ఏజెన్సీలో భూమి కొనే హక్కు లేదు. 1970 నాటి భూబదలాయింపు నిబంధన ఆదివాసులకు రక్ష, దానిపై మాకు ఎలాంటి ఆక్షేపణా లేదు. అయితే ఆ కారణాన ఇలాంటి చోట మన కుటుంబాలకు బతుకుతెరువు చిన్న దుకాణమో, ఆటోనో, మెకానిక్ పనో, సంతలో బేరమో అవుతుంది. ముస్లింలలో సొంత చిరువృత్తులపై ఆధారపడేవారు ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ తేల్చి చెప్పింది. ఇలాంటి వారికి జీతపు చీటీ ఉండదు. నేడు వచ్చినది రేపు రాదు. ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన దరఖాస్తులను ఏళ్లతరబడి చూసిన గుమాస్తాలము మేము. పక్కా ఇల్లూ, గుమ్మం ముందు బండీ విచారణకు వచ్చినవారి కంటికి వెంటనే కనబడతాయి. ఆ ఇంటిపై ఉన్న అప్పు, ఆ బండిపై ఉన్న ఫైనాన్స్ వాయిదా ఏ గడిలోనూ కనబడవు.

ఇప్పుడు మనిషి కంటికి తోడు కంప్యూటర్ కన్ను కూడా వచ్చింది. వేర్వేరు శాఖల వివరాలను ఒకచోట కలిపి చూసే సమగ్ర వేదిక వంటి ఏర్పాటుతో అర్హతను తూచడం మొదలైంది. రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన పిటిషన్‌పై, ఆ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆదేశించింది. రిక్షా తొక్కి బతికిన మనిషిని కారు యజమానిగా లెక్కగట్టిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. షేక్, సయ్యద్, మహ్మద్ వంటి పేర్లు వీధికి పదిమందికి ఉండే మన సమాజంలో, ఒక కాగితంలో 'బీ' అనీ మరొక కాగితంలో 'బేగం' అనీ నమోదయ్యే మన ఆడబిడ్డల విషయంలో, ఈ ప్రమాదం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. నికాహ్ తరువాత పుట్టింటి కార్డులో పేరు పోయి, అత్తింటి కార్డులో చేరక, ఏ కార్డులోనూ లేని కోడళ్లు ఎందరో ఉన్నారు. కాన్పు కష్టమైన రోజునగాని ఆ సంగతి ఇంట్లోవారికి తెలియదు.

కలిమిని కొలిచే పద్ధతి మనకు కొత్తది కాదు. జకాత్ ఎవరిపై విధి అన్నది నిర్ణయించేటప్పుడు నివసించే ఇంటినీ, వృత్తి పనిముట్లనూ, ప్రయాణపు వాహనాన్నీ మన ధర్మవేత్తలు నిసాబ్ లెక్కలో కలపలేదు. తీర్చవలసిన అప్పును తీసివేసి మిగిలినదే సంపద అన్నారు. రుణగ్రస్తుణ్ణి జకాత్‌కు హక్కుదారుగా లెక్కించారు. సొత్తు వేరు, బతుకు సాధనం వేరు అన్న ఈ వివేకం ఏ మతస్థునికైనా న్యాయంగానే తోస్తుంది. సర్కారు లెక్కలోనూ అది ఉండాలని కోరడంలో తప్పేమున్నది?

ఇతర చోట్ల ఏం జరిగిందో చూద్దాము. ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే ఆరోగ్యశ్రీ ఆదాయ పరిమితిని ఐదు లక్షలు చేశారు. మాగాణి 12 ఎకరాలు, మెట్ట 35 ఎకరాల దాకా ఉన్నవారికీ, ఒక సొంత కారు ఉన్నవారికీ అవకాశమిచ్చారు. రాజస్థాన్‌లో 2021లో చిరంజీవి పథకం పెట్టి, ఉచిత కోటాలోకి రాని కుటుంబాలు ఏటా 850 రూపాయలు కట్టి చేరవచ్చునన్నారు. డెబ్బై ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ వర్తింపజేస్తూ 2024 అక్టోబరులో కేంద్రం కార్డులివ్వడం ప్రారంభించింది. ఇక రిజర్వేషన్ల కోసం ఏటా ఎనిమిది లక్షలలోపు ఆదాయం కలవారిని ఆర్థికంగా బలహీనులన్నది కూడా ప్రభుత్వమే. కొలువు దగ్గర ఎనిమిది లక్షలు, ఆసుపత్రి దగ్గర లక్షన్నర. ఈ రెండు కొలతలు ఒకే రాజ్యంలో ఎలా నిలుస్తాయి?

గడప వెడల్పు చేస్తే ఖజానా తట్టుకోలేదని కొందరు అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే కార్డు లేక ఆగిపోయిన రోగి అప్పుచేసి వైద్యం చేయించుకుని, ఆనక ముఖ్యమంత్రి సహాయనిధికి బిల్లులు పెట్టుకుంటున్నాడు. ఆ సొమ్మూ ఖజానాదే. పైగా అది సకాలంలో రాదు, అందరికీ రాదు, చీటీ రాయించుకునే పలుకుబడి లేనివారికి అసలే రాదు. హక్కుగా ఇవ్వవలసిన దానిని దయగా ఇవ్వడం వల్ల మిగిలేదేమీ లేదు. అత్యవసర వైద్యం అందకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది.

కనుక మేము కోరేవి ఇవి. ఆరోగ్యశ్రీకీ బియ్యం కార్డుకూ ఉన్న ముడి విప్పి, వైద్యానికి వేరుగా కనీసం ఐదు లక్షల ఆదాయ పరిమితి నిర్ణయించాలి. ఏటా పెరిగే కూలిరేటుతో పాటు అదీ పెరగాలి. బతుకుతెరువు వాహనాన్ని, నివసించే ఇంటిని, పోడు భూమిని ఆస్తి లెక్క నుంచి తప్పించాలి. కార్డు నిరాకరించినా, తొలగించినా కారణం తెలుగులో రాసి ఇచ్చి, అప్పీలుకు గడువు చూపాలి. యంత్రం చెప్పిన మాటపై మనిషి విచారణ లేకుండా ఎవరి పేరూ తీయరాదు.

మనం చేయవలసినదీ కొంత ఉన్నది. ప్రతి మసీదు కమిటీ జుమా తరువాత ఒక గంట కేటాయించి, మహల్లాలోని ప్రతి ఇంటి కార్డునూ ఆధార్‌తో సరిచూడాలి. కోడళ్ల పేర్లు, పసివాళ్ల పేర్లు చేరాయా, స్పెల్లింగులు కలుస్తున్నాయా అన్నది రాసుకుని మీసేవలో దరఖాస్తు పెట్టించాలి, రసీదు దాచాలి. గ్రామసభలో కోయ, లంబాడ, దళిత సోదరులతో కలిసి ఇదే విన్నపాన్ని తీర్మానంగా చేయించాలి. ఈ గీత వారినీ మననూ ఒకే వైపున నిలబెట్టింది, కనుక దాన్ని జరిపించే ప్రయత్నమూ కలిసే చేయాలి. ఈ పని జబ్బు రాకముందే జరగాలి. ఆసుపత్రి కౌంటరు ముందు నిలబడిన తరువాత కాగితం సరిచేసుకునే వ్యవధి ఎవరికీ దొరకదు.