కెనడా ఇంట్లో అమెరికా చరిత్ర

ఒంటారియోలో పిల్లవాడిని బడి మాన్పించి ఇంట్లోనే చదివించుకోవడానికి పెద్ద తతంగమేమీ లేదు. ఏటా స్కూల్ బోర్డుకు ఒక ఉత్తరం రాసి ఇస్తే సరిపోతుంది. ఏ పుస్తకం చెబుతున్నారు, పరీక్ష పెట్టారా లేదా అని మామూలుగా ఎవరూ అడగరు. 1867 రాజ్యాంగ చట్టం చదువును ప్రావిన్సులకు అప్పగించింది కాబట్టి అన్నిచోట్లా పద్ధతి ఒకటి కాదు. క్యుబెక్‌లో పిల్లవాడు ఏడాదంతా ఏం నేర్చుకోబోతున్నాడో రాసి విద్యాశాఖకు పంపాలి. అల్బర్టాలో ప్రభుత్వ నిధులు కావాలంటే పర్యవేక్షణకు ఒప్పుకోవాలి. ఒంటారియోలోనే బ్రాంప్టన్, మిస్సిసాగా చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు మాత్రం ఆ ఒక్క ఉత్తరమే. తర్వాతి భారమంతా అమ్మానాన్నలదే.

లెక్కల్లో ఈ స్వేచ్ఛ వల్ల చిక్కేమీ రాదు, చరిత్రలో వస్తుంది. ఇంగ్లీషులో హోమ్‌స్కూలింగ్ కోసం దొరికే పుస్తకాల్లో సింహభాగం అమెరికావి. అబెకా, బీజేయూ ప్రెస్, నాట్‌గ్రాస్ ప్రచురణలు క్రైస్తవ దృష్టితో రాసినవి. మతం జోలికి పోనివి కావాలంటే జాయ్ హకీమ్ రాసిన ‘ఎ హిస్టరీ ఆఫ్ అస్’ సంపుటాలున్నాయి. కింది జనం వైపు నుంచి చెప్పేది కావాలంటే హోవర్డ్ జిన్ రాసిన అమెరికా చరిత్ర గ్రంథానికి 2007లో వచ్చిన పిల్లల కూర్పు ఉంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పెద్దమ్మ పిల్లలు ఏది చదివితే అదే ఈ ఇంటికీ వస్తుంది. రేపు ఉద్యోగం సరిహద్దు దాటించవచ్చన్న లెక్క కూడా ఉంటుంది. అందులో తప్పు లేదు. అమెరికా చరిత్ర తెలియకుండా కెనడా అర్థం కాదు. నా అభ్యంతరం ఎంచుకునే పద్ధతి మీద. గ్రేడ్ పట్టిక, ధర, పిల్లలు తమంతట తామే పూర్తి చేసుకుంటారన్న హామీ చూసి కొనేస్తే చాలదు. కొన్ని పేజీలు తెరిచి చదివాకే డబ్బు కట్టాలి.

మొదట 1774 తెరవండి. బ్రిటిష్ పార్లమెంటు ఆ ఏడాది చేసిన క్యుబెక్ చట్టం ఫ్రెంచి కాథలిక్కులకు మతస్వేచ్ఛ ఇచ్చింది, వాళ్ల సివిల్ న్యాయాన్ని నిలబెట్టింది, ప్రావిన్సు ఎల్లలను ఒహాయో నది దాకా జరిపింది. దక్షిణాన ఉన్న పదమూడు కాలనీలు దాన్ని సహించరాని చట్టాల్లో చేర్చాయి. 1776 స్వాతంత్ర్య ప్రకటనలోని ఫిర్యాదుల్లోనూ అది ఉంది. క్యుబెక్‌లో సెయింట్ లారెన్స్ నది ఒడ్డున కాథలిక్ చర్చికి మాత్రం అదే రక్షణ. ఈ రెండో వైపు ఒక్క పేరాలోనైనా ఉందా?

తర్వాత 1783. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ రాజు పక్షాన నిలిచి ఓడినవాళ్లు, అంటే లాయలిస్టులు, వేలకు వేలుగా ఉత్తరానికి తరలివచ్చారు. 1784లో న్యూ బ్రన్స్‌విక్, 1791లో అప్పర్ కెనడా (నేటి దక్షిణ ఒంటారియో) ఏర్పడ్డాయంటే ఆ వలసే కారణం. యజమానుల నుంచి తప్పించుకుని బ్రిటిష్ సైన్యాన్ని ఆశ్రయించి స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు సుమారు 3,000 మంది న్యూయార్క్ రేవులో ఓడలెక్కారు. వాళ్లలో ఎక్కువమంది నోవా స్కోషియాలో దిగారు. అందుతుందన్న భూమి అందక, వివక్ష భరించలేక, 1792లో దాదాపు 1,200 మంది సియెరా లియోన్‌కు వెళ్లిపోయారు. స్వాతంత్ర్య యుద్ధంలో స్వేచ్ఛ ఎటువైపు ఉందన్న ప్రశ్నకు వీళ్ల బతుకు ఇచ్చే జవాబు పన్నెండేళ్ల పిల్లవాడికి కచ్చితంగా తెలియాలి. అయితే ఇక్కడ కెనడా పుస్తకాన్నీ వదిలిపెట్టకూడదు. తెల్ల లాయలిస్టుల్లో కొందరు తమ బానిసలను వెంట తెచ్చుకున్నారు. 1793 నాటి అప్పర్ కెనడా చట్టం కొత్త బానిసలను తేవడాన్ని ఆపిందే గానీ అప్పటికే ఉన్నవాళ్లను విడిపించలేదు. పారిపోయి వచ్చిన బానిసలకు కెనడా ఆశ్రయమిచ్చిందని గర్వంగా చెప్పి ఈ సంగతి దాటవేస్తే అదీ సగం చరిత్రే.

1812 యుద్ధం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అమెరికా గెలిచిన ఫోర్ట్ మెక్‌హెన్రీ, న్యూ ఆర్లియన్స్ పోరాటాలు మాత్రమే ఉండి, కెనడా వైపు గెలిచిన క్వీన్‌స్టన్ హైట్స్ లేకపోయినా, 1813లో పోరాడుతూ చనిపోయిన ఆదివాసీ నాయకుడు టెకుమ్సే ప్రజలు ఆ యుద్ధంలో ఏం కోల్పోయారో లేకపోయినా ఆ పుస్తకానికి వేరే తోడు కావాలి.

అన్నిటికన్నా నేను ముఖ్యమనుకునే పరీక్ష 1923. ఆ ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. మన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగింది ఆ ఏడాదే. 1946లో చట్టం మారేదాకా ఆయనకు పౌరసత్వానికి దారే లేదు. లక్షల ప్రాణాలు నిలిపిన మందుల వెనక ఉన్న ఆ భీమవరం మనిషి 1948లో అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు. కెనడా కథ కూడా ఇంతే. బ్రిటిష్ కొలంబియా 1907లో భారతీయుల ఓటు హక్కు తీసేసింది, 1947లో గానీ తిరిగివ్వలేదు. 1914 మే 23న 376 మంది భారతీయులతో వాంకూవర్ చేరిన కామగాటమారు ఓడను రెండు నెలలు నీళ్లలోనే నిలిపి వెనక్కి పంపారు. అందుకు పార్లమెంటులో ప్రధాని క్షమాపణ 2016లో వచ్చింది. ఆ కాలంలోనే కనిగిరి ప్రాంతం నుంచి అమెరికా వెళ్లి, భారత స్వాతంత్ర్యం కోసం పోరాడిన గదర్ పార్టీలో చేరిన దరిశి చెంచయ్య తన ఆత్మకథను తెలుగులోనే రాశారు. ‘నేనూ నా దేశం’ తల్లో తండ్రో చదివి పిల్లలకు చెబితే ఏ పుస్తకాల సెట్టూ ఇవ్వలేని పాఠం అవుతుంది.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో పిల్లవాడు ఒంటరిగా చదువుకునే కరిక్యులమ్ కావాలనడం సహజం. వారానికి ఎన్ని గంటలు మిగులుతాయో నాకు తెలియనిది కాదు. బీజగణితాన్ని వీడియోకు అప్పగించండి, వ్యాకరణాన్ని వర్క్‌బుక్‌కు అప్పగించండి. చరిత్రకు మాత్రం వారంలో ఒక అరగంట మీరు కూర్చోవాలి. పుస్తకం చివర ఉన్న ప్రశ్నలకు సమాధానాలు పుస్తకంలోనే దొరుకుతాయి. ఇందులో ఎవరు లేరు అన్న ప్రశ్నను పుస్తకం తనను తాను అడగదు, పెద్దవాళ్లే అడగాలి. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబరు 17ను ఒక్కో పక్షం ఒక్కో తీరుగా చెప్పుకోవడం వింటూ పెరిగిన తెలుగువాళ్లకు ఆ ప్రశ్న కొత్త కాదు.

తోడు పుస్తకాలకు ఖర్చు కూడా పెద్దగా లేదు. ఒంటారియో పాఠ్యప్రణాళిక ఆన్‌లైన్‌లో ఉచితం. ఏడో తరగతికి 1713 నుంచి 1850 దాకా, ఎనిమిదికి 1850 నుంచి 1914 దాకా అందులో ఉంది. కెనడియన్ ఎన్‌సైక్లోపీడియా కూడా ఉచితమే. సీబీసీ 2000–01లో ప్రసారం చేసిన 17 భాగాల ‘కెనడా: ఎ పీపుల్స్ హిస్టరీ’ ఉంది. లక్షా యాభై వేలకు పైగా ఆదివాసీ పిల్లలను అమ్మానాన్నల నుంచి వేరుచేసిన రెసిడెన్షియల్ స్కూళ్ల గురించి అమెరికా సెట్‌లో వెతికి ప్రయోజనం లేదు. 2015లో ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ ఇచ్చిన 94 కార్యాచరణ పిలుపుల్లో ఆ చరిత్రను కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండు దాకా చెప్పాలన్నది ఒకటి. ఇంట్లో చదివే పిల్లలకు అది అక్కర్లేదని నేననుకోను.

ఇంకో సంగతి. హోమ్‌స్కూలింగ్ పిల్లల్లో కొందరు తొమ్మిదో తరగతికి మళ్లీ బడికి వెళ్తారు. ఒంటారియో డిప్లొమాకు పదో తరగతి కెనడా చరిత్ర తప్పనిసరి, అది మొదటి ప్రపంచ యుద్ధంతో మొదలవుతుంది. ఏడు, ఎనిమిది తరగతులు రెండింటిలోనూ అమెరికా సెట్ ఒక్కటే చదివిన పిల్లవాడు మేటీ నాయకుడు లూయీ రియల్‌ను 1885లో ఎందుకు ఉరితీశారో తెలియకుండా ఆ తరగతిలో కూర్చోవాల్సి వస్తుంది. ఎంత మంచి సెట్ కొన్నా, ఎనిమిదో తరగతిలో సగం ఏడాదైనా 1850–1914 నాటి కెనడాకు కేటాయించాలి.